తిట్టిన మనిషిలో ధైర్యం

హార్పర్ లీ నవల ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ 1960లో వెలువడింది. అందులో ధైర్యం గురించిన మాటల్ని ఏరుకుని బట్టీపట్టే విద్యార్థులు ఎందరో. ఈ సంచికలో ఆ మాటల్ని వాటి సన్నివేశాల్లోనే పెట్టి చదువుతున్నాం.

అసలు ధైర్యమంటే ఏమిటో నవలలోని లాయరు ఆటికస్ తన కొడుక్కి చెప్పింది ఎవరిని చూపించి? దారినపోయే పిల్లల్ని నోటికొచ్చినట్టు తిట్టే ముసలావిడ మిసెస్ డ్యూబోస్‌ను. నల్లజాతి మనిషి తరఫున వాదిస్తున్నందుకు ఆటికస్‌నూ ఆమె దూషించింది. అయినా, చావు దగ్గరపడిందని తెలిసీ పంతంపట్టి మార్ఫిన్ వ్యసనాన్ని వదిలించుకున్నాకే కన్నుమూసిందని ఆయన ఆమెను మెచ్చుకుంటాడు. నా మటుకు కోర్టు వాదనకన్నా ఇదే గొప్ప ఘట్టం.

నచ్చిన వాక్యం కింద గీత గీసుకునే ముందు, దాని వెనకా ముందూ రెండేసి పేజీలు చదవండి. ఏం తోచిందో మాకు రాయండి.