గాజుపెట్టెలో గుత్తి సాలీడు

సృష్టిలో అల్పమనదగిన ప్రాణి ఏదీ లేదని పెద్దలు చెబుతూనే ఉంటారు. మనం మాత్రం గోడమూలలో సాలీడు కనబడగానే చీపురు అందుకుంటూనే ఉంటాము. పవిత్ర ఖురాన్‌లోని 29వ అధ్యాయం పేరు ‘అల్ అన్‌కబూత్’, అనగా సాలీడు. హిజ్రత్ సమయాన సౌర్ గుహ ముఖద్వారం మీద గూడు అల్లి మహాప్రవక్త (స) కు రక్షణగా నిలిచినది సాలీడేనని ముస్లిం ఇళ్ళలో తరతరాలుగా చెప్పుకుంటారు. శ్రీకాళహస్తి పేరులోని మొదటి అక్షరమైన ‘శ్రీ’ కూడ శివుని కొలిచిన సాలెపురుగే. ఉర్దూ, తెలుగు రెండు భాషల వారమూ ఇంతగా గౌరవించిన ప్రాణిని గూర్చి మనకు తెలిసినది ఎంత?

సాలీళ్ళను పట్టి పెంచుట నేటి వింత కాదు. నల్లని దేహము, పొట్ట క్రింద ఎఱ్ఱని గుర్తు గల ‘బ్లాక్ విడో’ సాలీళ్ళను రెండవ ప్రపంచయుద్ధకాలంలో అమెరికాలో పనిగట్టుకొని పెంచారు. వాటి దారం అతి సన్నము, అతి దృఢము గనుక, గురి చూసే పరికరాల కటకాలలో అడ్డగీతలుగా దానిని అమర్చేవారు. అది అవసరం కొద్దీ సాగిన పెంపకం. ఇప్పుడు దేశదేశాలలో సాగుచున్నది వేడుక కొద్దీ సాగే పెంపకం. ఆ వేడుకకు బలియైన వానిలో మన తెలుగునేల సాలీడు ఒకటి ఉన్నదని ఎందరికి తెలుసు?

అనంతపురం జిల్లా గుత్తిలో రైల్వే కలప నిలువచేసే స్థలంలో దొరికిన ఒకే ఒక్క సాలీడును పరిశీలించి, 1899లో పొకాక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దానికి ‘పోసిలోథీరియా మెటాలికా’ అని నామకరణం చేశాడు. నీలమణివంటి దాని రంగు వర్ణద్రవ్యం వలన కలిగినది కాదు; రోమాలలోని అతి సూక్ష్మ నిర్మాణం మీద వెలుగు పడుటచే కలిగినది. ఆ పిమ్మట నూరేళ్ళకు పైగా అది శాస్త్రజ్ఞుల కంట పడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్యనున్న అడవిలో, అనగా గుత్తికి సుమారు 100 కిలోమీటర్ల దూరాన, తిరిగి కనబడింది. కలపతో పాటు బండి ఎక్కి గుత్తి చేరినదే దాని పేరుకు కారణమై ఉండవచ్చును! పెద్ద చెట్ల తొఱ్ఱలే దాని నివాసం. దాని కాటు తీవ్రమైన బాధ కలిగించునే గాని, అందువలన మనిషి మరణించినట్లు ఆధారం లేదు. 100 చదరపు కిలోమీటర్లకు మించని ఆ చెదరిన అడవియే దాని సమస్త ప్రపంచమని నాడు ఎంచారు. కట్టెల కొరకు చెట్లు కొట్టివేయుటచే ఆ ప్రపంచం కుంచించుకొనిపోగా, 2008లో దానిని అంతరించిపోయే ప్రమాదం మిక్కిలిగా గల జీవుల పట్టికలో చేర్చారు.

విచిత్రమేమనగా, యూరప్, అమెరికా దేశాలలో ఇదే సాలీడు గాజుపెట్టెలలో పుట్టి, గాజుపెట్టెలలో పెరిగి, అంగళ్ళలో అమ్ముడుపోవుచున్నది. “పెంపకం వలన జాతి నిలిచినది కదా, అడవినుండి పట్టవలసిన పని తప్పినది కదా” అని పెంపకందారుల వాదన. ఇందులో కొంత సత్యం లేకపోలేదు. ఆడది పన్నెండేళ్ళ వరకు, మగది మూడు నాలుగేళ్ళు మాత్రమే జీవించుననియు, అది ఎట్లు కుబుసం విడుచుననియు మనకు తెలిసినది చాలవరకు వారి ఓపిక వలననే.

అయినను ఒక ప్రశ్న మిగిలిపోవుచున్నది. ఆ పెట్టెలలోని సంతతి ఎన్నడైనా నల్లమల గాలి పీల్చునా? కొద్దిపాటి తల్లిదండ్రులనుండి తరాల తరబడి పుట్టిన వాటిని తెచ్చి అడవిలో వదలుట శాస్త్రసమ్మతం కాదు. వదలుదమన్నా తొఱ్ఱలుండే చెట్లేవి? సంరక్షణార్థం పెంచుట ఎట్టిదో తెలియుటకు దూరం పోనక్కరలేదు. మన నెహ్రూ జంతుప్రదర్శనశాలలో 2010లో లాకోన్స్ శాస్త్రజ్ఞుల తోడ్పాటుతో మూషిక జింకల పెంపకం మొదలైనది. 2017లో కొన్నిటిని అమ్రాబాద్ అడవిలో విడిచిపెట్టారు. అక్కడ పెంపకానికి గమ్యం అడవి. ఇక్కడ గమ్యం అంగడి. భేదమంతా ఇందులోనే ఉన్నది.

2019లో ఈ జాతి సాలీళ్ళన్నింటిని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందమైన సైటీస్ రెండవ అనుబంధంలో చేర్చారు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో జరిగిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చినది. దాని ప్రకారం సైటీస్ జాబితాలోని ప్రాణులను పెంచేవారు ఆ వివరాలు నమోదు చేయించుకొనవలెను. చట్టం వచ్చినది గాని, చెట్టును కాపాడే మనసు చట్టంతో రాదు.

కనుక సోదర విద్యార్థులకు నా మనవి ఒక్కటే: వేడుక కొరకు ఏ సాలీడునూ సీసాలో బంధించవద్దు. కళాశాల సంఘం పెద్దలకు మరొక విన్నపం. అబ్దుల్లాపూర్‌మెట్ పరిసరాలలో కట్టడాలు పెరిగిన కొద్దీ పొదలు, చెట్లు తరిగిపోవుచున్నవి. ప్రయోగశాలకు చంపిన నమూనాలు సేకరించుటకు బదులు, ఆవరణలోని సజీవమైన సాలీళ్ళను ఉన్నచోటనే చూచి, వాటి పేర్లు, తావులు, ఋతువులు వ్రాసి ఉంచే పుస్తకమొకటి ప్రారంభించండి. అందులో ఉర్దూ పేరు, తెలుగు పేరు ప్రక్కప్రక్కనే ఉండనివ్వండి. ప్రహరీ వెంబడి నాలుగు మూరల నేల శుభ్రం చేయక, పొదలతో అట్లే వదలండి. ఖర్చు లేని పని ఇది.

ఇక్కడినుండి ఎల్.బి. నగర్ పోవు దారిలోనే, ఒకప్పుడు నిజాం నవాబులు వేటాడిన అడవి నేడు హరిణ వనస్థలిగా కృష్ణజింకలకు ఆశ్రయమిచ్చుచున్నది. వేటస్థలమే శరణాలయం కాగలిగినప్పుడు, మన ప్రహరీ మూల ఒక సాలీడుకు చోటు దొరకకపోవునా?