మత్స్యగంధి వారసులు

బాసరలో అమ్మవారి మూర్తిని గోదావరి ఇసుకతో వ్యాసమహర్షి మలిచాడని స్థలపురాణం. చెప్పేవారూ వినేవారూ అంతగా తలచుకోని సంగతి ఒకటుంది. ఆ వ్యాసుని కన్నతల్లి సత్యవతి, దాశరాజు ఇంట పెరిగి పడవ నడిపిన మత్స్యగంధి. బిడ్డ చేత అక్షరాలు దిద్దించడానికి వరుసలో నిలబడిన తల్లిదండ్రులకూ, కింద నీటిలో తెప్ప మీద వల సర్దుకునే బెస్తవానికీ ఉన్న చుట్టరికం ఇదే.

దర్శనం ముగించుకుని స్నానఘట్టం మెట్ల మీద కూర్చున్నప్పుడు అటువంటి ఒక వృద్ధునితో మాటలు కలిశాయి. "ఇదివరకు వాలుగలు పడుతుండె సారూ, జెల్లలు పడుతుండె. ఇప్పుడు సర్కారు ఇడిసిన బొచ్చెలే" అన్నాడు. ఫిర్యాదు చేసినట్టు కాదు, వాన రాలేదని చెప్పినట్టు చెప్పాడు.

ఆ మాటను అంత తేలికగా తీసుకోలేకపోయాను. బాసర దగ్గర మనం గోదావరి అని మొక్కేది చాలావరకు శ్రీరాంసాగర్ వెనుకజలం. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు ఆనకట్ట నదిని చెరువుగా మార్చింది. ఎగువన నాందేడ్ జిల్లాలో బాబ్లీ బ్యారేజి ఉన్నది. ఆ తగవులో 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ జూలై 1 నుంచి అక్టోబర్ 28 వరకు గేట్లు ఎత్తి ఉంచాలన్నది. ఆ తగవు సాగునీటిది, తాగునీటిది. అయినా బొచ్చె, రోహు వంటి చేపలు వరదకు ఎదురీది గుడ్లు పెట్టే కాలం కూడా చాలావరకు అదే కావడం ఒక విచిత్రం. చేప పేరెత్తకుండానే చేపకు మేలు జరిగిందన్నమాట!

ఈ జాతి చేపలు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. 1957 జూలై 10న కటక్‌లో హీరాలాల్ చౌధురి, అలికున్హి హార్మోను సూదితో వాటి చేత గుడ్లు పెట్టించిన తరువాతనే చేపపిల్లల కోసం నది మీద ఆధారపడవలసిన అవసరం తగ్గింది. తెలంగాణలో 2016 నుంచి చెరువులకూ జలాశయాలకూ ఉచితంగా చేపపిల్లలను పంచిన పథకానికి మూలం ఆ సూదే. చెరువుకు అది తప్పనిసరి, దానిని నేను కాదనను. అదును తప్పి వదిలిన పిల్ల వేసవిలో నీరు తగ్గేనాటికి ఎదగదన్నది వేరే బాధ.

నా అభ్యంతరం మరొకటి. జలాశయంలో ఎన్ని లక్షల పిల్లలు వదిలారన్నదే లెక్క అయినప్పుడు, ఎవరూ వదలకుండా తామే పుట్టి పెరిగే వాలుగ, జెల్ల, పరిగె ఏ పట్టికలోకీ ఎక్కవు. పరిగెలను తక్కువగా చూడడం మనకు అలవాటు. బంగ్లాదేశ్‌లో మోలా అనే వేలెడంత చేపను పేదల పిల్లలు తలా ముల్లూ సహా తింటారు. అందులోని విటమిన్ ఎ, ఇనుము, కాల్షియం ఎంత విలువైనవో నిరూపించి, పెద్ద చేపలతో పాటు దానినీ మడుగులలో పెంచవచ్చునని చూపిన శకుంతల థిల్‌స్టెడ్‌కు 2021లో ప్రపంచ ఆహార బహుమతి దక్కింది. బొచ్చె అంగడికి పోతుంది, పరిగె బెస్తవాని కుండలోకి వస్తుంది. మొదటిది పెరిగి రెండోది పోతే గణాంకాలలో లాభమే కనిపిస్తుంది, ఇంట్లో బిడ్డ పళ్ళెంలో నష్టం.

గుడ్ల కాలంలో వేట ఆపమని, సన్న కన్నుల వల వేయవద్దని చెప్పడం సులభం. దళారి వద్ద ముందే బాకీపడి, ఆ బాకీకే చేపను అతను చెప్పిన ధరకు ఇచ్చే మనిషి రెండు నెలలు వల ఆరవేసుకుని ఏం తినాలి? తూర్పు తీరాన ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రం మీద వేట నిషేధం. ఆ రోజులకు ఆంధ్రప్రదేశ్‌లో మత్స్యకార కుటుంబాలకు భృతి ఇస్తున్నారు. గోదావరి మీద బతికేవాడు జూలై, ఆగస్టులలో వల ఆపితే అతనికీ అంతే భృతి ఇవ్వాలని నా వాదన. అది దానం కాదు, వచ్చే ఏటి చేపకు కట్టే వెల. ఉచిత పిల్లలకు పెట్టే ఖర్చులో కొంత ఇటు మళ్ళించినా తప్పులేదు.

ఈ మాటే ఆ వృద్ధునితో అన్నాను. "రెండు నెలలు ఊకె కూసుంటె పైసలిస్తరా?" అని నవ్వి, తెప్పను లోపలికి నెట్టాడు. పైన గుడిలో ఎవరి బిడ్డో పలక పట్టుకుని గట్టిగా ఏడుస్తున్నది.