గాలి మన చేతిలో లేదు.. తాళ్లు ఉన్నాయి!

జులైలో ట్యాంక్‌బండ్ మీద ఎప్పుడైనా ఆగి చూశారా? హుస్సేన్‌సాగర్‌లో తెల్లటి తెరచాపలతో చిన్న చిన్న పడవలు పరుగెడుతుంటాయి. వానాకాలంలో గాలి ఎక్కువగా పడమటి నుంచి, అంటే మన బంజారాహిల్స్, ఖైరతాబాద్ వైపు నుంచి వస్తుంది. మధ్యలో గుట్టలు, ఎత్తైన బిల్డింగులు. అందుకే సాగర్‌లో గాలి ఒక్క తీరుగా ఉండదు. రెండు నిమిషాలు ఊపేస్తుంది, తర్వాత చప్పబడిపోతుంది.

ఈ పడవల్లో ఎక్కువగా కనిపించేది లేజర్. ఇప్పుడు దాన్ని ఐఎల్‌సీఏ అంటున్నారు. పొడవు 4.2 మీటర్లు, నడిపేది ఒక్కరే. పోటీలో అందరిదీ ఒకే పడవ, ఒకే కొలత తెరచాప. మరి గెలుపు ఎక్కడ? నడిపే నేర్పుతో పాటు మూడు తాళ్లలో.

ఔట్‌హాల్ లాగితే తెరచాప కింది భాగం చదునవుతుంది. వాంగ్ లాగితే అడ్డకొయ్య కిందికి దిగి, మాస్ట్ వంగి, తెరచాప మొత్తం పలచబడుతుంది. కన్నింగ్‌హామ్ లాగితే తెరచాప బొజ్జ ముందుకు జరిగి, పైభాగం తెరుచుకుని, ఎక్కువైన గాలి జారిపోతుంది. ఓ మోస్తరు గాలిలో బొజ్జ ఉంచితేనే బలం. గాలి ముదిరితే మూడూ గట్టిగా బిగించాలి, లేదంటే పడవ పక్కకు ఒరిగిపోతుంది.

తమాషా ఏంటంటే, గాలి బాగా తక్కువగా ఉన్నప్పుడు కొత్తవాళ్లు అన్ని తాళ్లూ వదిలేస్తారు. బొజ్జ పెద్దదైతే ఎక్కువ గాలి పడుతుందని వాళ్ల లెక్క. కానీ నీరసపు గాలి అంత లోతైన వంపు చుట్టూ తిరగలేదు, మధ్యలోనే తెగిపోతుంది. పడవ ఆగిపోతుంది.

సరిగ్గా ఈ తప్పే నేను ఉద్యోగాల వేటలో చేశాను. 2019లో బీటెక్ అయ్యాక పంజాగుట్టలో హాస్టల్, అమీర్‌పేటలో కోచింగ్. కాల్స్ రాకపోయేసరికి భయమేసింది. జావా సగంలో ఉండగానే టెస్టింగ్, అది అవకముందే డేటా సైన్స్. మైత్రివనం దగ్గర ఏ ఫ్లెక్సీ కనిపిస్తే అదే కోర్సు. రెజ్యూమెలో 18 స్కిల్స్ రాశా. ఒక ఇంటర్వ్యూలో మేడమ్ అడిగారు, ‘‘వీటిలో నువ్వు నిజంగా చేయగలిగేది ఏది?’’ అని. నోరు పెగల్లేదు. నాన్న అప్పు చేసి కట్టిన ఫీజులు గుర్తొచ్చాయి.

కోర్సులన్నీ దండగ అని నేననను. గాలి మారినప్పుడల్లా పడవే మార్చాలనుకోవడం దండగ. మీ పడవ అంటే మీకు గట్టిగా వచ్చిన ఒక్క విషయం. మార్చాల్సింది తాళ్లు మాత్రమే. సర్వీస్ కంపెనీకి పంపే రెజ్యూమెలో ముందు ఉండాల్సింది వేరు, పదిమంది ఉన్న స్టార్టప్‌కి పంపేదాంట్లో వేరు. ప్రాజెక్టు అదే, చెప్పే వరుస మారుతుంది.

పోటీ పడవల వాళ్ల దగ్గర ఇంకో మంచి అలవాటుంది. రెండు పడవలు పక్కపక్కనే వెళ్తాయి. ఒకరు ఏమీ మార్చరు, ఇంకొకరు ఒకే ఒక్కటి మారుస్తారు. వేగం పెరిగిందా, తగ్గిందా? నోట్‌బుక్‌లో రాసుకుంటారు. పిల్లలు నడిపే ఆప్టిమిస్ట్ పడవల్లోనూ మాస్ట్ వాలును టేపుతో కొలిచి చూసుకుంటారు. మనమేమో రెజ్యూమె, పోర్టల్, కోర్సు అన్నీ ఒకే వారంలో మార్చేసి, ఏది పనిచేసిందో తెలియక తల పట్టుకుంటాం.

‘అన్నా, పడవలు డబ్బున్నోళ్ల ఆట కదా’ అంటారేమో. సాగర్‌లోని యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్‌లో పేదింటి పిల్లలు కూడా శిక్షణ పొంది జాతీయ పోటీలకు వెళ్తున్నారు. అక్కడ సెయిలింగ్ నేర్చుకున్న ప్రీతి కొంగర హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 470 తరగతిలో దేశం తరఫున పోటీ పడింది.

ఒక మాట ఒప్పుకోవాలి. గాలే లేకపోతే ఏ తాడు లాగినా పడవ కదలదు. అలాంటప్పుడు రేసు వాయిదా వేస్తారు, సెయిలర్‌ని ఎవరూ తిట్టరు. ఫ్రెషర్లకి నియామకాలే లేని నెలల్లో మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ఇంట్లోవాళ్లకీ ఈ మాట చెప్పండి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. మీరు చివరగా పంపిన పది అప్లికేషన్లు ముందేసుకోండి. వచ్చే పదింటికి ఒకే ఒక్క మార్పు చేయండి. ఏం మార్చారో, ఎన్ని కాల్స్ వచ్చాయో రాసుకోండి. పదింటితోనే అంతా తేలిపోదు కానీ, ఇంకో కోర్సుకి ఫీజు కట్టేముందు చేతిలో ఒక లెక్క ఉంటుంది. నాకు ఆ లెక్క మూడు కోర్సులు ముందే ఉండాల్సింది.