చిప్ గీసే జబాన్ ఎవరి జాగీరు?



చిప్‌లు తయారుచేసే ఓపెన్ సోర్స్ దునియాలో ఏళ్ల తరబడి ఒక కొట్లాట నడుస్తోంది. ఒక జమాత్ వాళ్లు "హార్డ్‌వేర్‌కు ఆబ్జెక్ట్‌లు పనికిరావు, అదంతా సాఫ్ట్‌వేర్ వాళ్ల షౌఖ్" అంటారు. ఇంకో జమాత్ వాళ్లు "వెరిలాగ్ ముసలి జబాన్, దాన్ని పట్టుకుని వేలాడేవాళ్లకు కొత్తది ఎక్కదు" అంటారు. రెండు వైపులా ఇల్మ్ ఉంది. రెండు వైపులా గురూర్ కూడా ఉంది. నా గుస్సా ఆ గురూర్ మీద.

ఎల్లారెడ్డిపేటలో కూర్చున్న మనకు ఈ బహస్‌తో ఏం పని అనకండి. మన ఇళ్లలో ఈసీఈ చదివిన పిల్లలు హైదరాబాద్ పోయి వీఎల్ఎస్ఐ కోర్సుల గడప తొక్కుతున్నారు. అమ్మీ కమ్మలు గిర్వి పెట్టి ఫీజు కట్టే ఇంటికి, ఆ పైసలతో ఏ హునర్ నేర్పుతున్నారో అడిగే హఖ్ ఉంది.

ముందు అసలు సంగతి. ఇవాళ చిప్‌ను ఎవరూ పెన్సిల్‌తో గీయరు, రాస్తారు. అందుకోసం 1984 ప్రాంతంలో వెరిలాగ్ పుట్టింది. 1987లో వీహెచ్‌డీఎల్ ప్రమాణంగా వచ్చింది. ఏ తీగ ఎక్కడికి పోవాలి, ఏ టిక్కుకు ఏ విలువ మారాలి అన్నది వీటిలో చెప్పుకుంటూ పోవాలి. 2012లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం వాళ్లు చిజెల్ తెచ్చారు. స్కాలా అనే సాఫ్ట్‌వేర్ జబాన్ లోపలే దాన్ని కట్టారు. అందులో క్లాసులు ఉంటాయి, ఒక క్లాసు నుంచి ఇంకో క్లాసుకు విరాసత్ ఉంటుంది. నమూనా ఒక్కసారి రాసి అంకెలు మారిస్తే చిన్న యంత్రం, పెద్ద యంత్రం రెండూ అందులోంచే వస్తాయి.

ఇప్పుడు మొదటి జమాత్ దలీల్ విందాం. సాఫ్ట్‌వేర్‌లో ఆబ్జెక్ట్ ప్రోగ్రాం నడుస్తుండగానే పుడుతుంది, పోతుంది. చిప్‌లో అట్ల కుదరదు. సిరిసిల్ల కార్ఖానాలో రాత్రి షిఫ్టు నడుస్తుండగా కొత్త సాంచా నేలలోంచి మొలుస్తుందా? మొలవదు. దలీల్ బాగానే ఉంది, కానీ చిజెల్‌కు తగలదు. ఎందుకంటే చిజెల్‌లో క్లాసులు షిఫ్టు నడిపేవాడి దగ్గర ఉండవు, కార్ఖానా కట్టే మేస్త్రీ దగ్గర ఉంటాయి. జాగా ఇంత, సాంచాలు ఇన్ని అని చెబితే మేస్త్రీ నఖ్షా వేసి, బిగించి వెళ్లిపోతాడు. కరెంటు వచ్చాక సాంచాలన్నీ ఒకేసారి ఆడతాయి. అప్పుడక్కడ క్లాసూ లేదు, స్కాలా లేదు. చిప్ నడిచే ముందే మేస్త్రీ పని ఖతం.

పైగా ఈ జమాత్ దోగ్లాపన్ చూడండి. 2005లో ప్రమాణమైన సిస్టమ్ వెరిలాగ్‌లో క్లాసులు ఉన్నాయి. చిప్‌ను పరీక్షించడానికి 2011లో వచ్చిన యూవీఎం పద్ధతి మొత్తం క్లాసుల మీదే నిలబడింది. పరీక్షకు హలాల్ అయిన ఆబ్జెక్ట్ నిర్మాణానికి ఎట్ల హరామ్ అయింది? జవాబు ఇవ్వరు, నవ్వి వదిలేస్తారు.

రెండో జమాత్‌ను కూడా వదలను. చిజెల్‌లో రాసింది చివరకు వెరిలాగ్‌గా తర్జుమా అయి ఫ్యాక్టరీ దారి పడుతుంది. ఆ తర్జుమాలో రాసినవాడు పేరు పెట్టని తీగలకు టి-123, జెన్-45 లాంటి పేర్లు తగులుకుంటాయి. గలతీ దొరికేది అక్కడ, దిద్దాల్సింది అసలు ప్రతిలో. నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి. తర్జుమాలో తప్పు పట్టాలంటే రెండు జబాన్లూ రావాలని నాకు తెలుసు. రెండూ నేర్చుకోలేని వాణ్ణి చేతకానివాడు అనడం ఇన్సాఫ్ కాదు. రాసినవాడే తన తీగలకు సరైన పేర్లు పెట్టాలి.

మన దేశంలోనే మిసాల్ ఉంది. ఐఐటీ మద్రాస్ వాళ్ల శక్తి ప్రాసెసర్‌ను బ్లూస్పెక్‌లో రాశారు. బ్లూస్పెక్ పక్కా ఆబ్జెక్ట్ జబాన్ కాదు, కానీ మెథడ్‌లు, ఇంటర్‌ఫేస్‌లతో వెరిలాగ్ కంటే ఒక మెట్టు పైన నిలబడుతుంది. 2018లో శక్తి చిప్‌లు చేతికొచ్చాయి, సోర్స్ అందరికీ తెరిచే ఉంది. కానీ ఆ బ్లూస్పెక్‌ను వెరిలాగ్‌గా మార్చే కంపైలర్ 2020 దాకా ఓపెన్ సోర్స్ కాలేదు. కితాబ్ తెరిచి పెట్టారు, ఐనక్ మాత్రం అల్మారాలో తాళం వేసి ఉంది! కంపైలర్ తెరుచుకున్నాకే ఆ దావత్ అందరిదీ అయింది.

కేంబ్రిడ్జ్‌లో 2014లో మొదలైన లోరిస్క్ ముందు చిజెల్‌లో రాసిన రాకెట్ కోర్ మీద పనిచేసింది. తర్వాత సిస్టమ్ వెరిలాగ్‌లో ఉన్న ఐబెక్స్‌ను చేపట్టింది. అటు చైనా సైన్స్ అకాడమీ వాళ్లు షియాంగ్‌షాన్ అనే భారీ ప్రాసెసర్‌ను చిజెల్‌లోనే కట్టారు. రెండూ నడుస్తున్నాయి. అంటే జబాన్ వల్లనే ఒక పని పాడవదు, జబాన్ వల్లనే బాగుపడదు.

నా మాట సాఫ్‌గా చెబుతా. ఆబ్జెక్ట్‌లు రావాల్సిందే. పది మంది షాగిర్దులు కూడా ఒక ప్రాసెసర్ కట్టగలగాలంటే ప్రతి తీగనూ చేత్తో రాసుకుంటూ కూర్చోలేరు. కానీ ఓపెన్ అనే పేరు పెట్టుకున్నవాళ్ల మీద ఒక జిమ్మేదారీ ఉంది. పక్కవాడు చదవగలగాలి, విప్పగలగాలి, దిద్దగలగాలి. లైసెన్స్ కాగితం తెరిచి, కోడ్‌ను ముడి వేసి పెడితే అది సగం ఖైరాత్. అసలు ప్రతితో పాటు తర్జుమా ఇవ్వండి, ఏ లైను ఎక్కడినుంచి వచ్చిందో గుర్తు పెట్టండి, కొత్తగా అడిగే పిల్లల్ని గేలి చేయకండి.

తల్లిదండ్రులకూ ఒక మాట. మీ బేటా, బేటీ వీఎల్ఎస్ఐ కోర్సు అంటే ఇన్‌స్టిట్యూట్‌ను ఒక సవాల్ అడగండి: "మా పిల్లతో మొదటి నెలలో ఫ్లిప్‌ఫ్లాప్ గీయిస్తారా, లేక యూవీఎం క్లాసులు బట్టీ పట్టిస్తారా?" సర్క్యూట్ చూడని పిల్లకు క్లాసు చెప్పడం సాంచా చూడనివాడికి చీర డిజైన్ అప్పగించడమే. ఇకారస్ వెరిలాగ్, వెరిలేటర్, యోసిస్ మూడూ ముఫ్త్‌గా దొరుకుతాయి. మామూలు ల్యాప్‌టాప్ చాలు. ముందు వెరిలాగ్‌లో ఒక కౌంటర్ కట్టనివ్వండి, అలలు తెర మీద చూడనివ్వండి. ఆ తర్వాత చిజెల్ పట్టుకోనివ్వండి.

ఏ జమాత్‌లో చేరాలో పిల్లలే ఫైసలా చేసుకుంటారు. రెండు జబాన్లూ చదవడం వస్తే చాలు, ఏ ఉస్తాద్ గురూర్‌కూ వాళ్లు తల వంచాల్సిన పని ఉండదు.