రేటు తగ్గుతుందని ఆగితే...

కొత్త గేమ్ కన్సోల్ రాగానే కొనాలని పిల్లలు పట్టుబడితే పెద్దవాళ్లు ఒకటే మాట చెప్పేవారు: ‘ఆగు, రేటు తగ్గుతుంది’. చాలాకాలం అది నిజం కూడా. 2000లో అమెరికాలో 299 డాలర్లకు వచ్చిన ప్లేస్టేషన్ 2 రెండేళ్లు నిండకముందే 199కి, 2009 నాటికి 99కి దిగింది. 599 డాలర్ల ప్లేస్టేషన్ 3 కోసం ఆగినవారికి మూడేళ్లలోపే దాని స్లిమ్ మోడల్ 299కే దొరికింది.

ప్లేస్టేషన్ 5 వచ్చాక ఈ లెక్క తలకిందులైంది. మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న డిస్క్ మోడల్ 49,990 రూపాయలకు విడుదలైంది. 2022 నవంబరులో దాని ధర 54,990కి చేరింది. 2025 ఆగస్టులో అమెరికాలోనూ 50 డాలర్లు పెంచారు. 2020లో 499 డాలర్లున్న ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ 2025 అక్టోబరులో 649 దాటింది. 2017 నాటి నింటెండో స్విచ్ సంగతి మరీ విడ్డూరం. దాని స్థానంలో స్విచ్ 2 వచ్చేసిన రెండు నెలలకు పాతదాని ధర 299 డాలర్ల నుంచి 339కి పెరిగింది!

కారణం చిప్పుల్లో ఉంది. పూర్వం అదే చిప్‌ను కాలం గడిచేకొద్దీ చిన్నదిగా, చౌకగా తయారు చేయగలిగేవారు. ఆ ఆదా ధరలో కనిపించేది. ఇప్పుడు చిప్‌ను చిన్నది చేయడమే మహా ఖరీదైన పని. దానికి కరోనా కాలపు చిప్పుల కొరత, అమెరికా సుంకాలు తోడయ్యాయి. కృత్రిమ మేధ డేటా సెంటర్లు మెమరీ చిప్పులను ఎగరేసుకుపోవడం తాజా దెబ్బ. ధర నిజంగా కూలేది సరుకు అమ్ముడుపోనప్పుడే. 2011లో 249 డాలర్లకు వచ్చిన నింటెండో 3డీఎస్‌ను అయిదు నెలల్లోనే 169కి దించారు. ముందే కొన్నవారిని ఊరడించడానికి 20 పాత ఆటలు ఉచితంగా ఇచ్చారు. అలాంటి అదృష్టాన్ని నమ్ముకుని ఎవరూ బడ్జెట్ వేసుకోలేరు.

అలాగని విడుదల రోజునే క్యూలో నిలబడమని నేననను. రేటు సంగతి పక్కనపెట్టినా ఆగడానికి అంతకంటే గట్టి కారణం ఉంది. అది ఆటలు. ప్లేస్టేషన్ 5 వచ్చిన రెండేళ్లలో జనం ఎదురుచూసిన పెద్ద ఆటలు ఏవి? హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్, గ్రాన్ టురిస్మో 7, గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్. మూడూ 2022లో పాత ప్లేస్టేషన్ 4లోనూ వచ్చాయి. కొత్త యంత్రంలో బొమ్మ మెరుగ్గా, లోడింగ్ వేగంగా ఉన్న మాట నిజమే. కానీ ఇంట్లో పాతది పనిచేస్తుండగా ఆ తేడా కోసం యాభై వేలు పెట్టాలా అన్నది అసలు ప్రశ్న. దీనికి భిన్నంగా 2017లో స్విచ్ తొలిరోజే జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌తో వచ్చింది. ఆ ఆట నింటెండో పాత కన్సోల్ వీ యూలోనూ విడుదలైంది గానీ, ఆ యంత్రం ఉన్నవారు కొద్దిమందే. ఆనాడు స్విచ్‌ను వెంటనే కొన్నవారిని తప్పుపట్టలేం.

తొలి బ్యాచ్‌ల నాణ్యత మీద కూడా ఓ కన్ను వేయాలి. 2005 నాటి ఎక్స్‌బాక్స్ 360 ఎర్ర లైట్లు వెలిగి ఆగిపోతుంటే, మైక్రోసాఫ్ట్ 2007లో వారంటీని మూడేళ్లకు పెంచి, వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చును నెత్తిన వేసుకోవాల్సి వచ్చింది. ఇలాంటి లోపాలు బయటపడటానికి కొంత కాలం పడుతుంది.

మన ఇళ్లలో ఇంకో దారి ఉంది: అమెరికా నుంచి వచ్చే బావగారితో తెప్పించుకోవడం. నింటెండో మన దేశంలో అధికారికంగా అమ్మదు కాబట్టి స్విచ్ విషయంలో అది అర్థం చేసుకోదగ్గదే. మిగతావాటికి మాత్రం, చెడిపోతే ఇక్కడ వారంటీ ఎవరిస్తారో తేల్చుకున్నాకే ఆ ఆలోచన చేయాలి. కొన్ని వేలు తక్కువని డిస్క్ లేని మోడల్ తీసుకోవడం కూడా నా దృష్టిలో తప్పుడు పొదుపే. పెద్ద కంపెనీల కొత్త ఆట ఒక్కొక్కటి అయిదు వేల దాకా ఉంది. డిస్క్ అయితే ఆడేశాక అమ్మవచ్చు, మారకం వేసుకోవచ్చు, సెకండ్ హ్యాండ్‌లో కొనవచ్చు. నెల జీతంతో నడిచే ఇంటికి ఇది చిన్న వెసులుబాటు కాదు. డౌన్‌లోడ్ ఆటకు ఈ దారులన్నీ మూసుకుపోతాయి.

కాబట్టి మీ పిల్లలు కొత్త కన్సోల్ అడిగితే, దానిలో మాత్రమే ఆడగలిగిన మూడు ఆటల పేర్లు రాసివ్వమనండి. రాయలేకపోతే మరో ఏడాది ఆగండి. రాయగలిగితే మాత్రం వచ్చే దీపావళికి చవగ్గా వస్తుందని వాయిదా వేయకండి. డిస్క్ ఉన్న మోడల్‌ను బిల్లుతో, ఇక్కడి వారంటీతో కొనివ్వండి.