ఆపరేషన్ అయితే చెయ్యి ముడుచుకోవాలా?

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ చేయించుకుని ఇల్లు చేరిన ఆడమనిషికి మనవాళ్లు ముందుగా చెప్పే మాట 'కదలకు, పడుకో' అని. ప్రేమతోనే అంటారు. కానీ రోజుల తరబడి కదలకుంటే భుజం బిగుసుకుపోతుంది.

అంజూర్ ఫాటా, భివండీలలో సాంచాల మీద బతికే తెలుగు కుటుంబాలకు ఇది చిన్న సంగతి కాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్లం. కండె చుట్టాలన్నా, రొట్టె కొట్టాలన్నా చెయ్యి ఆడాలి. చెయ్యి లేవకుంటే కూలి పోయినట్టే.

చంకలోని లింఫు గ్రంథులు తీసేస్తే ఆ చేతిలో నీరు నిలిచి వాపు రావచ్చు. అందుకే 'బరువు ముట్టొద్దు' అని ఏళ్లుగా చెప్పేవారు. 2009లో అమెరికాలో వెలువడిన అధ్యయనం ఈ భయాన్ని తగ్గించింది. చేతి వాపు ఉన్న 141 మంది మహిళలను రెండు జట్లు చేశారు. శిక్షణతో వారానికి రెండుసార్లు, మెల్లమెల్లగా బరువు పెంచుతూ ఎత్తిన జట్టులో వాపు పెరగలేదు సరికదా, ముదరడం తగ్గింది. చికిత్స నడుస్తుండగానే వ్యాయామం చేయించాలని 2022లో అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం సూచించింది. అలసట తగ్గడం దీనివల్ల కలిగే పెద్ద మేలు. పరేల్‌లోని టాటా మెమోరియల్ వైద్యులు సైతం 850 మంది రొమ్ము క్యాన్సర్ రోగులతో యోగాపై పరిశోధన జరిపారు. ఇది దూరదేశపు ముచ్చట కాదన్నమాట.

'పొద్దంతా చాకిరీ చేస్తూనే ఉన్నాం, ఇంకా వ్యాయామమా?' అనొచ్చు. చాకిరీ వేరు, వ్యాయామం వేరు. నిండు బిందె ఒక్క ఊపున ఎత్తితే చేతికి చేటు. గోడ మీద వేళ్లు పాకిస్తూ చెయ్యి లేపడం, వారానికి మూడు రోజులు అరగంట నడక, ఆపైన తేలిక బరువులు... ఇదీ వరుస. డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి. జ్వరం ఉన్నా, జబ్బు ఎముకలకు పాకినా మరీ జాగ్రత్త. చెయ్యి ఎర్రబడి ఉబ్బితే వెంటనే ఆసుపత్రికి పోవాలి.

పరేల్‌కు పోయి రావాలంటే ఒక రోజు కూలి గల్లంతే. తోడు వచ్చినవారిదీ అంతే. కనుక భివండీ ఇందిరాగాంధీ ఆసుపత్రిలోనే వారానికో పూట ఈ రోగులకు ఫిజియోథెరపీ చేయించాలి. చేయాల్సిన కసరత్తులు బొమ్మలతో, తెలుగులో అచ్చువేసి ఇవ్వాలి. మన కుల సంఘాలు తమ హాళ్లను పొద్దున గంటసేపు ఈ మహిళలకు తెరిచిపెడితే ఖర్చేమీ కాదు. ఇక ఇంట్లో మగవాళ్ల వంతు. 'కదలకు' అనడం మాని, ఆ నీళ్ల బిందె తామే ఎత్తి, ఆమెతో పాటు అరగంట నడవాలి.