బొబ్బిలి కథకు ప్రమాణం ఏది?

పదిమందీ కలిసి అల్లుకొన్న కథలో ఏది అసలు, ఏది కొసరు అని తేల్చవలసి వస్తే పెద్దమనిషి ఎవరు? ఇదేదో ఊసుపోక వేసుకొన్న ప్రశ్న అనుకోకండి.

మా కాలేజీ కుర్రాళ్లు కొందరు సాయంత్రం పూట బల్ల చుట్టూ చేరి ఒక ఆట ఆడుతుంటారు. 1974లో అమెరికాలో పుట్టిన ఆట. పేరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. ఒకడు సూత్రధారుడు, తక్కినవాళ్లు పాత్రధారులు. పాచికలు వేసి, పడ్డ అంకెను బట్టి కథ నడుపుతారు. ఆ కథ జరిగే లోకాన్ని కంపెనీవారే పుస్తకాల్లో వర్ణించి అమ్ముతారు. ఆ లోకం మీద నవలలు కూడా వచ్చినై. ఇక చూడండి తగాదా! నవలలో చచ్చిపోయిన రాజు మన బల్ల దగ్గర బతికి ఉండవచ్చునా, కూడదా? చివరికి 2021లో కంపెనీవారు తీర్పు చెప్పారు: 2014 నుంచి వచ్చిన ఆట పుస్తకాల్లో ఉన్నదే ప్రమాణం, నవలలు కావు, ఎవరి బల్ల దగ్గర కథ వారిది.

వాళ్లకు కథ మీద హక్కు పత్రం ఉంది కాబట్టి తీర్పు చెల్లింది. యజమాని ఉన్నంత మాత్రాన చిక్కు తీరుతుందా అంటే అదీ లేదు. మన విజయనగరంలో పుట్టిన ‘కన్యాశుల్కం’ సంగతి చూడండి. గురజాడవారు 1897లో అచ్చువేసిన నాటకాన్ని 1909లో తామే తిరగరాసి బాగా పెంచారు. మనమంతా రెండోదాన్నే అసలంటాం. ఎంచేతంటే రాసినాయనే దిద్దుకొన్నాడు. మరి రాసినాయన ఒక్కడు కాని కథ మాటేమిటి?

బొబ్బిలి కథ అటువంటిది. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం ప్రభువు పెద విజయరామరాజు కలిసి బొబ్బిలి కోట మీద పడ్డారు. ఆ ఒక్కరోజు పోరాటాన్ని ఎందరు ఎన్ని విధాల చెప్పారో! జంగాలు పాడిన బొబ్బిలి కథ పెద్దాడ మల్లేశం కట్టినదంటారు. దిట్టకవి నారాయణకవి ‘రంగరాయ చరిత్రము’ అని పద్యాల్లో చెప్పాడు. వేదం వేంకటరాయశాస్త్రిగారు, శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రిగారు నాటకాలు రాశారు. 1964లో సినిమా వచ్చింది, అందులో ఎస్.వి. రంగారావుగారు తాండ్ర పాపారాయుడు. 1986లో పాపారాయుడి పేరు మీదనే మరొక సినిమా వచ్చింది. అందులో ఆ వేషం కృష్ణంరాజుగారిది. ఇందరిలో ఎవరిని ప్రమాణం అనాలి?

పాఠం చెప్పేవాడికి ఇది తప్పించుకోరాని చిక్కు. క్లాసులో బొబ్బిలి పిల్లలూ ఉంటారు, విజయనగరం పిల్లలూ ఉంటారు. పాటలో విజయరామరాజు నిలువునా దుర్మార్గుడు. విజయనగరం పిల్ల ఒకతె లేచి, “మాస్టారూ, మా రాజు నిజంగా అంత చెడ్డవాడా, లేకపోతే పాట బొబ్బిలి వాళ్లది కాబట్టి అలా అయ్యాడా?” అని అడిగితే ఏం చెప్పాలి? ‘పాటలో అలా ఉందమ్మా’ అంటే సరిపోదు గదా.

నాకు తోచిన కొలబద్ద ఇది. పగవాడు కూడా ఒప్పుకొన్నది అసలు. ఒక పక్షం వాళ్లు మాత్రమే చెప్పుకొన్నది పాట. రెండూ విలువైనవే కాని, రెంటినీ ఒక గంపలో పొయ్యరాదు.

రాబర్టు ఓర్మ్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు ఈ యుద్ధాన్ని వర్ణించాడు. ఆ సంపుటం 1778లో అచ్చయింది. అతనికి బొబ్బిలి మీద ప్రేమ ఉండవలసిన పనిలేదు, విజయనగరం మీద పగా లేదు. కోట నిలవదని తేలాక లోపలి స్త్రీలనూ పిల్లలనూ తమవాళ్లే చంపుకొన్నారని అతడూ రాశాడు. రంగారావు పోరాడుతూనే నేలకొరిగాడనీ, ఆయన కొడుకును ఒక ముసలాయన కాపాడి తెచ్చి ఫ్రెంచివారికి అప్పగించాడనీ, మూడోనాటి రాత్రి విజయరామరాజు తన డేరాలోనే హతుడయ్యాడనీ రాశాడు. ఇవి పాటకూ పుస్తకానికీ పొత్తు కుదిరిన సంగతులు. వీటిని మార్చి చెబితే అది బొబ్బిలి కథ కాదు.

మరి పాపారాయుడు? ఓర్మ్ పుస్తకంలో ఆ పేరు లేదు. చచ్చిన దొర పగ తీర్చుకోవడానికి నలుగురు సిపాయీలు దాక్కున్నారనీ, వారిలో ఇద్దరు డేరాలో దూరి పొడిచారనీ మాత్రమే ఉంది. అంత మాత్రాన పాపారాయుడిని కొట్టివెయ్యకండి. ఓర్మ్ బొబ్బిలిలో నిలబడి చూసి రాసినవాడు కాడు, విని రాశాడు. ఊరూపేరూ లేని ఆ సిపాయీలకు మనవాళ్లు ఒక పేరిచ్చారు, రాజాం అని ఒక ఊరిచ్చారు, చెల్లెలిని పోగొట్టుకొన్న అన్న దుఃఖం ఇచ్చారు. అది పాట చేసిన పని.

విజయరామరాజు దుర్మార్గం కూడా ఆ గంపలోదే. రెండు సంస్థానాల మధ్య పాతకాలపు కక్షలున్నాయి, నీటి తగాదాలున్నాయి. పొరుగువాణ్ణి పడగొట్టడానికి పరాయి ఫిరంగిని పిలిచాడన్న నింద ఆయనకు తప్పదు. పుట్టుకతోనే రాక్షసుడన్నది మటుకు పాట పెట్టిన రంగు. ఆ విజయనగరం పిల్లకు ఈ తేడా చెప్పగలిగితే ఆమె తల వంచుకోనక్కరలేదు, బొబ్బిలి పిల్లవాడు మీసం మెలెయ్యనక్కరలేదు.

ఓర్మ్ పుస్తకంలోనే ఇంకొక ముక్క ఉంది. ఆ సిపాయీలు శత్రువుల విడిదిలో నుంచి పట్టుబడకుండా ఎలా నడిచిపోయారు? అడిగినవాళ్లకు అదే భాషలో జవాబు చెప్పారట! కొట్టుకొన్నవాళ్లు ఇద్దరూ ఒకే మాట మాట్లాడేవాళ్లు. ఇది ఏ పాటా గట్టిగా పాడలేదు. పాడవలసిన మాట మటుకు ఇదేనని నాకు తోస్తుంది. కాలం చేసిన చమత్కారం చూడండి: 1979లో ఏర్పడ్డ విజయనగరం జిల్లాలోనే బొబ్బిలి ఉంది. శ్రీకాకుళం జిల్లాలో ఉండిపోయిన రాజాం కూడా 2022లో వచ్చి ఇందులోనే చేరింది. పాపారాయుడి ఊరు ఈనాడు విజయనగరం జిల్లాలోది!

మీ ఇంట్లో అమ్మమ్మగారు బొబ్బిలి కథ చెబుతుంటే, “పుస్తకంలో అలా లేదు” అని పిల్లలు అడ్డం వస్తారు. పిల్లల నోరు మూయించకండి, అమ్మమ్మగారిని ఆపనూ వద్దు. “పుస్తకంలో ఇలా ఉంది, మా ఊళ్లో ఇలా పాడారు” అని రెండూ విడివిడిగా చెప్పించండి. రెంటికీ మధ్య ఉన్న ఆ సందులోనే పిల్లలకు చరిత్ర అంటే ఏమిటో, కవిత్వం అంటే ఏమిటో మొదటిసారి తెలుస్తుంది.